ఆయుధపూజకు చేసిన అప్‌డేట్

ఆ రోజుల్లో నా దృష్టిలో మనుషులు రెండే జాతులు. కంప్యూటరును నడపడానికి లినక్స్ వాడేవాళ్లు ఒక జాతి, పాపం కళ్లు తెరవక ఇంకేదో వాడుకుంటున్నవాళ్లు ఇంకో జాతి. మొదటి జాతిలో మా హిందూపురం మొత్తానికి నాకు తెలిసి నేనూ, నాకు ఆ విద్య నేర్పిన సారూ ఉండేవాళ్లం. ఆయన్ని మేం 'సర్వర్ సారు' అనేవాళ్లం. ఏం అడిగినా "అదే సర్వర్‌లో అయితేనా..." అని మొదలుపెట్టేవాడు, అందుకని ఆ పేరు. (ఆయన సర్వర్‌ని కళ్లతో చూసినవాళ్లు మా బ్యాచ్‌లో ఎవరూ లేరు. దేవుణ్ణి మాత్రం ఎవరు చూశారు, నమ్మడం లేదూ.) ఆయన దగ్గర కొన్ని నెలలు కూర్చున్నాక, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కనబడితే చాలు నాకు ఒళ్లు పులకరించేది. మౌస్ పట్టుకున్నవాణ్ణి చూస్తే జాలేసేది. ఇంట్లో అన్నం తింటూ కూడా సాఫ్ట్‌వేరు స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. మా నాయన అంతా ఓపిగ్గా విని, "సరేప్పా, ఈ స్వేచ్ఛకు జీతం యాడిస్తారు?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు.

జీతం చివరికి ధర్మవరంలో దొరికింది, అదీ మా మేనమామ దగ్గర. ఆయనకు పట్టుచీరల డిజైన్ సెంటర్ ఉండేది. చీర అంచులో నెమలి రావాలంటే ఏ పోగు ఎప్పుడు లేవాలో, ఏది పడుకోవాలో మగ్గానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. పూర్వం అట్టలకు చిల్లులు కొట్టి చెప్పేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్లో బొమ్మ గీసి, దాన్ని మగ్గానికి అర్థమయ్యే ఫైలుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే మగ్గం మీదున్న పెట్టె చదువుకుంటుంది. ఆ గీసే పనీ, మార్చే పనీ మా సెంటర్‌వి. రోజూ పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కి, పెనుకొండ దాటి, ధర్మవరంలో దిగేవాణ్ణి. మొదటి రోజు మామ కంప్యూటరు ఆన్ చేసి చూపిస్తే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లినక్స్. ఈ కరవు సీమలో, పట్టు పోగుల మధ్య, మా జాతి మనిషి మా సొంత మామే అని పొంగిపోయాను. (ఊరికే వస్తుందని పెట్టించుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ సంగతి సర్వర్ సారుకు చెప్పలేదు, బాధపడతాడని.)

ఆ కంప్యూటర్లో డిజైన్ సాఫ్ట్‌వేరు రాసి పెట్టింది ఒక బెంగుళూరాయన. పోతూ పోతూ, ఇది నడుస్తున్నంత కాలం దీని జోలికి పోవద్దని చెప్పి పోయాడట. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మామకు ఆ చివరి మాట వేదవాక్కు. ఇంటర్‌నెట్ వైరు కూడా కరెంటు బిల్లు కట్టేటప్పుడు తప్ప తగిలించనిచ్చేవాడు కాదు. తెర మూలన ఒక ఎర్రటి గుర్తు, ఇన్ని అప్‌డేట్లు బాకీ ఉన్నాయని నన్ను చూసి రోజూ నిష్ఠూరమాడేది. "మామా, అవి చెయ్యకపోతే మిషన్ ముసలిదైపోతుంది" అంటే, "నేనూ ముసలోన్నవుతాండా, నన్నేమన్నా అప్‌డేట్ చేస్తాండావా? నడుస్తాండే దాన్ని కెలకగాకు" అనేవాడు.

అటువంటి కంప్యూటరే ఇంకొకటి పెనుకొండలో ఉండేది, మామ షడ్డకుడి దగ్గర. ఆయన్ని నేను పెనుకొండ మామ అనేవాణ్ణి. ఒకప్పుడు ఇద్దరూ కలిసే సెంటర్ నడిపారు. విడిపోవడానికి కారణం ఆస్తి కాదు, ఒక నెమలి. ఎవరిదో చీర అంచులో నెమలి తల ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగింది. మగ్గం మీద పోగుల్ని ఎడమ నుంచి లెక్కపెట్టాలని పెనుకొండ మామ, కుడి నుంచి లెక్కపెట్టాలని ధర్మవరం మామ. మాటా మాటా పెరిగి, చెరో కంప్యూటరు పంచుకుని, చెరో వైపు నుంచి లెక్క పెట్టేలా సెట్టింగ్ పెట్టుకుని వేరుపడ్డారు. అప్పట్నుంచి ఏ పెండ్లికి పిలిచినా "ఆయప్ప వస్తాడా? అయితే నేను రాను" అని ఇద్దరిదీ ఒకే మాట. మా బంధువుల్లో పత్రికలు పంచేవాళ్లు వీళ్లిద్దర్లో ఎవరి ఇంటికి ముందు పోవాలన్నదే పెద్ద సమస్యగా తల పట్టుకునేవాళ్లు.

ఇక అసలు సంగతికి వస్తాను. దసరాకు కొంచెం ముందు ఎర్రమంచి నుంచి ఒకమ్మాయి వచ్చింది. అక్కడి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తుందట. దీపావళి దాటినాక పెండ్లి. మామ ఆనవాయితీగా హంసల అంచు, మామిడి పిందెల అంచు చూపించాడు. ఆ అమ్మాయి అన్నీ చూసి, నా వైపు తిరిగి, "అన్నా, ఈ హంసలు వద్దన్నా. మా ఊర్లో హంసను చూసినోళ్లు యాడుండారు? చెనక్కాయ చెట్టు పెట్టన్నా, కాయలు బాగా కనపడల్ల. మా నాయన చూస్తానే గుర్తుపట్టల్ల" అంది.

"పట్టుచీరలో చెనక్కాయేందమ్మా, నలుగురూ నవ్వుతారు" అన్నాడు మామ.

"నవ్వితే నవ్వనీ. నన్ను చదివించింది ఆ చెనక్కాయలే కదా, హంసలేం చదివించలేదు."

మామ నా వైపు తిరిగి, "పెట్టప్పా. చెనక్కాయకు తల ఉండదు, కుడి ఎడమ గొడవ రాదు" అన్నాడు.

ఆ డిజైను మీద నేను పెట్టిన శ్రద్ధ నా పరీక్షల మీద పెట్టి ఉంటే మా నాయన ఊరంతా చెప్పుకునేవాడు. నిజం చెనక్కాయ చెట్టు, అదే వేరుశెనగ, తెప్పించి, టేబుల్ మీద పెట్టుకుని గీశాను. ఆకులు, కింద ఊడలు, వాటికి కాయలు, కాయల మీద గళ్లు. చీర కట్టుకుంటే కాయలు నేల వైపు, ఆకులు నడుము వైపు రావాలి. అమ్మాయి వచ్చి చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుంది. దాన్ని మగ్గం ఫైలుగా మార్చడం ఒక్కటే మిగిలింది. దసరా కాగానే ఇస్తామంటే, ఒక నేతాయన దానికోసమే ఒక మగ్గం ఖాళీగా పెట్టి ఉంచాడు. ఆలస్యమైతే ఆ మగ్గం మీదికి వేరే పడుగు ఎక్కుతుంది, అప్పుడిక ఆ అమ్మాయికి సిద్ధంగా ఉన్న హంసలే గతి. "అన్నా, హంసలు మాత్రం రాకూడదు" అని గడప దగ్గర నిలబడి మళ్లీ ఒకసారి చెప్పి మరీ పోయింది.

ఆయుధపూజ రోజు ధర్మవరం చూడాలి. మగ్గాల చప్పుడు ఆగిపోయి ఊరికి కొత్త చెవులు వచ్చినట్టుంటుంది. ప్రతి ఇంట్లో మగ్గం దుమ్ము దులిపి, నూనె పెట్టి, తుడిచి బొట్లు పెడతారు. ఆటోలు, లారీలు స్నానాలు చేస్తాయి. మధ్యాహ్నం పూజ. పూజ అయినాక, మర్నాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చి కదిపేదాకా ఆ పనిముట్టును ఎవరూ ముట్టకూడదు. మా సెంటర్లో పూజకు పెద్ద మా అవ్వ, అంటే మామ వాళ్లమ్మ. ఆ పొద్దున ఆమె తనిఖీకి వచ్చి, నా కంప్యూటర్ని చూసి, "అందరూ మగ్గాలు తుడిచిరి, బండ్లు కడిగిరి. నీ మిషనుకేం చేస్తివప్పా?" అంది.

"పైనంతా తుడిచినా అవ్వా."

"పైన తుడిస్తే ఏమొచ్చె? లోపల మురికి పోవల్ల."

అవ్వ అన్నది ఫ్యాను దుమ్ము గురించి. నాకు మాత్రం మూలనున్న ఎర్ర గుర్తు కనబడింది. లోపలి మురికి అంటే అప్‌డేట్ కాని ప్యాకేజీలు, అదే సాఫ్ట్‌వేరు మూటలు, కాక మరేమిటి? మామ గుమ్మడికాయ కోసం బజారుకు పోయి ఉన్నాడు. ఇంటర్‌నెట్ వైరు తగిలించాను. ఇంతకంటే పవిత్రమైన ముహూర్తం ఉండదనుకున్నాను.

మొదట అది ఒప్పుకోలేదు. మెషీన్‌లో లైబ్రరీ అనే వస్తువు ఒకటి ఉంటుంది. నాలుగిండ్లకూ కలిపి ఒకే రోలు ఉన్నట్టు, నాలుగు సాఫ్ట్‌వేర్లూ దాన్నే వాడుకుంటాయి. కొత్తగా రావాల్సిన తెరకు, అంటే తెర మీద బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేరుకు, కొత్త రోలు కావాలట. బెంగుళూరాయన సాఫ్ట్‌వేరుకేమో పాత రోలే కావాలట. కొత్తది వస్తే పాతది ఉండదు, పాతది ఉంటే కొత్తది రాదు. అచ్చం మా ఇద్దరు మామల లాగే. చివరికి తెర మీద ఒక వాక్యం వచ్చింది. దాని సారాంశం, విరిగిన ప్యాకేజీలను నువ్వే పట్టుకుని కూర్చున్నావు అని. నేనేం పట్టుకున్నానా అని వెతికితే, బెంగుళూరాయన ఆ పాత లైబ్రరీకి ఎవరూ కదపకుండా ఒక కట్టు కట్టి పోయాడని తెలిసింది. తెలివైనవాడు అక్కడ ఆగి, ఎందుకు కట్టాడా అని ఆలోచిస్తాడు. నేను సర్వర్ సారు శిష్యుణ్ణి కాబట్టి, బెంగుళూరాయన సోమరితనాన్ని చూసి నవ్వుకుని ఆ కట్టు విప్పేశాను.

వెంటనే మెషీన్ మెత్తబడింది. కింది ప్యాకేజీలు తీసేస్తాను, సరేనా అని ఒక చాంతాడంత జాబితా చూపించింది. పురోహితుడి సంస్కృతానికి పెండ్లికొడుకు 'మమ' అన్నట్టు సరే అన్నాను. (ఆ జాబితాలో ఎక్కడో మధ్యలో డిజైన్ సాఫ్ట్‌వేరు పేరూ ఉందట. పెండ్లికొడుకులు మాత్రం మంత్రాలు చదువుతారా?) అది అయ్యాక, ఇప్పుడు ఎవరికీ అక్కరలేని అనాథ ప్యాకేజీలున్నాయి, తుడవమంటావా అంది. పండగ పూట తుడవమనే కదా అవ్వ చెప్పింది, తుడవమన్నాను. చివరగా, ఎప్పుడో దించుకున్న పాత మూటలు ఒక మూల పడి ఉంటే వాటినీ ఊడ్చేశాను. ఆపి మళ్లీ ఆన్ చేశాను. నల్ల తెర వచ్చింది. పైన ఎడమ మూలన ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమంటోంది. నల్ల తెర చూసి నా ఒళ్లు పులకరించకపోవడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడు అవ్వ పళ్లెం పట్టుకుని వచ్చింది. తెరకు అడ్డంగా విభూతి, మధ్యలో కుంకుమ, కీబోర్డు మీద బంతిపూలు, మౌస్‌కు ఒక మూర మల్లెపూలు. మామ గుమ్మడికాయతో వచ్చి, నల్లటి తెరను చూసి, చుట్టుపక్కల నేతవాళ్లతో, "చూడండప్పా, ఎంత శ్రద్ధో. పూజకు ముందే ఆఫ్ చేసి పెట్టినాడు" అన్నాడు. వాళ్లంతా నన్ను మెచ్చుకోలుగా చూశారు. కర్పూరం వెలిగింది. హారతి కళ్లకద్దుకుంటుంటే విభూతి గీతల కింద ఆ చిన్న గీత ఇంకా మిణుకుమంటూనే ఉంది.

"అవ్వా, ఒక్క నిమిషం, చిన్న పని చూసుకోని..." అన్నాను.

"పూజలో కూచున్నదాన్ని లేపుతావా? రేపు పొద్దున్నే హారతిచ్చి కదుపుదాం. అందాకా చెయ్యి పెట్టగాకు."

ఆ సాయంత్రం హిందూపురం పోయే రైల్లో కూర్చుని ఫోన్‌లో లినక్స్ పెద్దలు ఉండే ఒక చర్చావేదికలో నా గోడు వెళ్లబోసుకున్నాను. మా జాతి మహా పండితులంతా అక్కడే ఉంటారు. ఒకాయన, "నడుస్తున్నదాన్ని ఎందుకు అప్‌డేట్ చేశావు?" అన్నాడు. రెండో ఆయన, "ఇన్నాళ్లూ ఎందుకు అప్‌డేట్ చెయ్యలేదు?" అన్నాడు. తర్వాత వాళ్లిద్దరూ నన్ను వదిలేసి ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. మూడో ఆయన నా కంప్యూటర్లో అసలు ఆ రకం లినక్స్ పెట్టడమే తప్పు, తాను వాడేది పెట్టమన్నాడు. మా జాతి మీద నాకు మొదటిసారి సందేహం కలిగింది. హిందూపురంలో దిగి నేరుగా సర్వర్ సారు ఇంటికి పోయాను. ఆయన హాల్లో లాప్‌టాప్ మూసి, దాని మీద కుంకుమ, అరటిపండు, అగరువత్తి. నాలాగే ఆయనా ముట్టకూడదు. "కట్టు ఎందుకు విప్పినావురా?" అన్నాడు. "అదే సర్వర్‌లో అయితేనా, ముందు ఒక కాపీ తీసి పెట్టుకుంటాం." ఆయనకు తెలిసిన పరిష్కారం అంతే, నిన్నటికి పనికొచ్చేది.

విజయదశమి పొద్దున అవ్వ మళ్లీ హారతి ఇచ్చి, "ఊ, ఇంక కదుపు" అంది. నేను కదిపాను. ఆ మిణుకు గీత దగ్గర కమాండ్లు కొట్టి తెరను ఎలాగో లేపగలిగాను. సాఫ్ట్‌వేరు లేదు. దానికి కావాల్సిన పాత లైబ్రరీని ఇంటర్‌నెట్‌లో అడిగితే, ఆ వెర్షన్‌కు కాలం చెల్లింది, తీసేశాం అని వచ్చింది. ఉన్న ఒక్క మూటనూ పండగ పేరు చెప్పి నేనే ఊడ్చేశాను. చెనక్కాయల ఫైలు ఉంది, దాన్ని తెరిచే నాథుడు లేడు. మామకు చెప్పక తప్పింది కాదు. అరుస్తాడనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, తెర మీద నిన్నటి విభూతిని వేలితో తుడుస్తూ, "ఆ పాపకు ఏం చెప్తావప్పా?" అన్నాడు. అరిచినా బాగుండేది. పైగా అప్పుడే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, పండగ శుభాకాంక్షలు. రేపట్నుంచి నేస్తారు కదా? మా నాయనకు చెప్పలేదన్నా, పెండ్లిలోనే చూడల్లని" అంది. "నేస్తారమ్మా" అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి వచ్చిందని నాకే నమ్మకం కుదరలేదు.

దిక్కు ఒక్కటే మిగిలింది, పెనుకొండ. అక్కడి కంప్యూటర్లో అదే సాఫ్ట్‌వేరు, అదే పాత లైబ్రరీ. ఆ మాట ఎత్తగానే మామ లేచి నిలబడ్డాడు. "ఆయప్ప గడప తొక్కేది లేదు." కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఆ రోజు విజయదశమి. జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారంలా ఉండు" అంటే పగవాడైనా తీసుకోవాలి, అది మా వైపు మర్యాద. మామ చివరికి జమ్మి కొమ్మ నుంచి నాలుగు ఆకులు తుంచి నా జేబులో పెట్టి, "నేను రాను. నా ఆకు వస్తుంది" అన్నాడు. అయినా రైల్లో నా పక్క సీట్లో కూర్చున్నాడు. పెనుకొండలో ఆటో ఎక్కాడు. వీధి మలుపు దగ్గర మాత్రం ఆటో ఆపించి, అందులోనే కూర్చుండిపోయాడు.

పెనుకొండ మామ ఆకు తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇది నీదా, మీ మామదా?"

"ధర్మవరం మామది."

కళ్లకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఆకును కాదనకూడదు. మనిషిని అనొచ్చు." నా కథంతా విన్నాక ఆయన ముఖంలో కనబడిన సంతోషం పండగది అనుకోవడమే మర్యాద. "నేను దాన్ని ఒకసారి కూడా అప్‌డేట్ చెయ్యలే. ఎట్లా చెయ్యాల్నో తెలీదు కూడా" అన్నాడు గర్వంగా. సర్వర్ సారు శిష్యుణ్ణి నేను, ఆ అజ్ఞానానికి చేతులెత్తి మొక్కాను. ఆయన కంప్యూటర్లో పాత మూటలన్నీ దుమ్ము కూడా దులపకుండా అలాగే ఉన్నాయి. అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటుంటే ఆయన దాన్ని లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. "మీ చేతికిస్తే దీన్నీ కడుగుతారు. నేనే వచ్చి ఎక్కిస్తా."

అలా ఒకరుంటే ఇంకొకరు రానివాళ్లు ఇద్దరూ ఒకే ఆటోలోకి వచ్చారు. రైల్లో నేను మధ్య సీటు. "మీ మామకు చెప్పప్పా, కిటికీ కొంచెం తెరవమని." "ఆయనకు చెప్పప్పా, తెరిచే ఉండాదని." ధర్మవరం దాకా నేను వాళ్లిద్దరి మధ్య తర్జుమా సాఫ్ట్‌వేరుగా పనిచేశాను.

సెంటర్లో అసలు తిరకాసు మొదలైంది. పాత లైబ్రరీ ఎక్కిస్తానంటే, అయితే కొత్త తెరను తీసేస్తానంటుంది మెషీన్. తెర పోతే చెనక్కాయ చూసేదెట్లా? తెర ఉంచమంటే, అయితే పాతది ఎక్కదంటుంది. ధర్మవరం మామ కొత్తది తీసెయ్యమన్నాడు. అది విన్న మరుక్షణం పెనుకొండ మామ కొత్తది ఉంచాల్సిందే అన్నాడు. ఎక్కించడం, పీకడం, మళ్లీ ఎక్కించడం. సాయంత్రం వంటల వేళకు లోపలి నుంచి రెండు రకాల పోపు వాసన వచ్చింది. మామ ఇల్లు సెంటర్ వెనకే. అవ్వకూ మా అత్తకూ వంట దగ్గర పొసగక, ఎప్పుడో మధ్యలో ఒక గోడ లేపి రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. ఒకే కప్పు, రెండు వంటిళ్లు. ఒకరి ఉప్పు ఒకరు ముట్టరు, ఇద్దరూ సుఖంగా ఉన్నారు. నాకు ఆ విద్య తెలియక కాదు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. పాతదానికి మెషీన్‌లోనే వేరే గది కట్టి, దాని సామానంతా అందులోనే పెట్టెయ్యొచ్చు. కొత్తదానికి దాని మొహం కనబడనక్కర్లేదు. అంత చదువూ గుర్తుకు రావడానికి రెండు పోపులు కావాల్సి వచ్చింది.

పెనుకొండ మామ మూటలు, ఆయన సెట్టింగులతో సహా, ఆ గదిలోకి మొత్తంగా దించాను. సాఫ్ట్‌వేరు లేచింది. చెనక్కాయలు గళ్లతో సహా తెర మీదికి వచ్చాయి. మగ్గం ఫైలు తయారైంది. పెన్‌డ్రైవ్ పట్టుకుని నేతాయన ఇంటికి నేను పరిగెత్తుతుంటే, వెనక మామ, నన్ను మధ్యలో పెట్టకుండా, షడ్డకుణ్ణి నేరుగా అడగడం వినబడింది. "కాఫీ తాగుతావా?"

పెండ్లి ఎర్రమంచిలో. మామలిద్దరూ వచ్చారు. నేను ముందు వరసలో కూర్చుని, నా చెనక్కాయల కోసం మెడ చాపుకుని చూస్తున్నాను. అమ్మాయి వచ్చి పీటల మీద నిలబడింది. చీర అంచు చూశాను. ఆకులు నేల వైపు ఉన్నాయి. కాయలు నడుము వైపు, మామిడి చెట్టుకు కాసినట్టు గుత్తులు గుత్తులుగా పైకి లేచి ఉన్నాయి. పెనుకొండ మామ సెట్టింగులు. పోగుల్ని ఎడమ నుంచి లెక్కపెట్టాయి. మగ్గం మీద ఎడమ కుడి అయితే, కట్టుకున్నాక కింద మీద అవుతుంది. తల లేని చెనక్కాయకు తలకిందులు కావడం మాత్రం వచ్చింది. (నేతాయన్ని తర్వాత అడిగితే, "కంప్యూటరు చెప్పింది కదప్పా, అది తప్పు చెప్తుందా" అన్నాడు.) చెనక్కాయ నేలలో కాస్తుందని తెలియనివాడు ఆ పందిట్లో ఒక్కడు కూడా ఉండడు, అంతా ఆ పంట పండించేవాళ్లే.

లేచి వెనక నుంచి జారుకుందామనుకున్నాను. అమ్మాయి నాయన ఎదురయ్యాడు. నడుము వంగిపోయిన మనిషి. నిలబడ్డా కింద ఏదో వెతుకుతున్నట్టే ఉన్నాడు. "చీరకు బొమ్మ గీసింది నువ్వేనంట కదా?" అన్నాడు. తప్పు జరిగిందని చెప్పబోయాను. ఆయన వినిపించుకోకుండా నా చెయ్యి పట్టుకుని కూతురి దగ్గరికి తీసుకుపోయి, కొంగు దగ్గర ఆ అంచును తన వేళ్లతో పట్టుకుని చూశాడు. అంచు ఆయన కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంది, ఆయన వంగనక్కర్లేదు.

"బతుకంతా వంగి పీకితిని కదప్పా. ఇట్లా పైన కాసింటే నా నడుము నిలిచిండేది."

నవ్వుతూనే అన్నాడు. అమ్మాయి నవ్వుతూనే ఏడ్చింది. చెప్పాల్సిన తప్పు నా లోపలే ఉండిపోయింది. వెనక నుంచి పెనుకొండ మామ, "ఎడమ నుంచి లెక్కపెట్టింది నేనే" అన్నాడు. ధర్మవరం మామ ఊరుకుంటాడా? "మిషన్ ఎవరిది?" అన్నాడు. నెమలి తప్పు నీదంటే నీదని విడిపోయినవాళ్లు, ఈ తప్పు నాదంటే నాదని కొట్లాడుకుంటూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశారు.

ఇప్పుడు నేను హిందూపురంలోనే ఒక ఆఫీసు కంప్యూటర్లు చూసుకుంటాను. ఆయుధపూజకు తడిగుడ్డతో పైపైన తుడిచి బొట్టు పెడతాను, లోపలికి పోను. ఈ మధ్య ఇంట్లోవాళ్లతో ధర్మవరం పోయి ఒక చీరల అంగట్లో కూర్చుంటే, అంగడాయన ఒక చీర పరిచాడు. అంచు నిండా చెనక్కాయలు, గళ్లతో సహా, పైకి కాసి ఉన్నాయి. ఉండబట్టలేక, "కాయలు పైనుండాయేందప్పా, నేలలో కదా ఉండల్ల?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఒకప్పుడు మౌస్ పట్టుకున్నవాళ్లను నేను చూసిన చూపే అది.

"అది డిజైన్ సార్. పెండ్లిండ్లకు అందరూ ఇదే అడుగుతాండారు. మీకు తెలీదులే" అన్నాడు.

నాకు తెలీదనే ఒప్పుకుని, ఆ చీరే కొనుక్కుని వచ్చాను.